మెరుగుకు ముందు మెత్త

హైదరాబాదు నగరానికి ఉత్తరంగా రెండు రాజబాటలు బయలుదేరుతున్నవి. ఒకటి సికింద్రాబాదు నుంచి కొంపల్లి, మేడ్చల్ మీదుగా నాగపూరు వైపు పోతుంది. రెండవది అల్వాల్, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ చేరుతుంది. రెండూ రాతినేల మీదనే సాగుతున్నవి. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయస్సుగల గ్రానైటు శిల ఈ ప్రాంతానికి పునాది. ఎక్కడ చూచినా గుండ్లు, గుట్టలు. ఆ రాయి పగిలి, అరిగి, లారీ చక్రాల కింద నలిగి దుమ్ముగా లేచినప్పుడు అందులో ముఖ్యంగా ఉండేవి రెండు ఖనిజాలు: ఫెల్‌స్పారు, క్వార్ట్జు. మోస్ కాఠిన్యమానంలో ఫెల్‌స్పారు 6, క్వార్ట్జు 7. కిటికీ అద్దం సుమారు 5.5 మాత్రమే. కారు మీది రంగు అంతకంటె ఎంతో మెత్తనిది. పొడిబట్టతో ఆ దుమ్మును తుడిచేవాడు కారును శుభ్రం చేస్తున్నాననుకొంటాడు కాని, నిజానికి దానిని ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు.

నీటి సంగతి కూడ చెప్పవలె. ఈ రాతినేలలో బోరుబావుల నీరు చాలచోట్ల కఠినజలం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగిన ఆ నీటితో కారు కడిగి ఎండలో వదిలితే, నీరు ఆవిరై లవణాలు తెల్లని చుక్కలుగా మిగులుతవి. దుమ్ము గీతలు గీస్తుంది, నీరు మచ్చలు పెడుతుంది. యంత్రంతో కార్లకు మెరుగుపెట్టే షెడ్లకు ఈ బాటల వెంట పని దొరకడానికి ఈ రెండే ముఖ్యకారణాలు.

అట్లాంటి షెడ్డులో పనితీరు గమనిస్తే ఒక వింత కనబడుతుంది. పనివాడు యంత్రానికి గుండ్రని నురుగుమెత్తను తగిలిస్తాడు. కాని వెంటనే కారును ముట్టడు. పాలిషు ముద్దను కొద్దిగా తీసికొని మెత్త ముఖమంతా వేలితో పులుముతాడు. రంధ్రాలలోకి అదుముతాడు. అంచుల దాక వచ్చినదా లేదా అని తిప్పి చూస్తాడు. ఎక్కువైనదానిని తుడిచివేస్తాడు. పిదప యంత్రాన్ని అతి నెమ్మదిగా తిప్పుతూ కారు మీద జానెడు మేర ఒకసారి నడిపి, ఆపి, మళ్ళీ మెత్త ముఖం చూస్తాడు. ఎదురుచూస్తున్న కారు యజమానికి ఇదంతా కాలయాపనగా తోస్తుంది. ఐతే, ఈ రెండు మూడు నిమిషాల పనికి మూడువందల ఏళ్ళకు పైబడిన లిఖిత చరిత్ర ఉన్నది. దానిని వివరంగా రాసిపెట్టినవారిలో ఐజాక్ న్యూటన్ ఒకడు.

మెరుగుపెట్టే విద్య చరిత్రను సాధారణంగా పొడుల చరిత్రగానే చెప్తుంటారు: ఏ కాలంలో ఏ పొడి వాడారు, అది ఎంత సన్ననిది, ఎంత గట్టిది అని. పొడి ఒంటరిగా ఏ పనీ చేయలేదు. దానిని పట్టి ఉంచే పీఠం ఒకటి కావలె. రాయి, తోలు, బట్ట, బంక, ఉన్ని, నురుగు—కాలాన్ని బట్టి పీఠం మారింది. కాని పని ప్రారంభించడానికి ముందు ఆ పీఠాన్ని సిద్ధం చేసుకోవలసిన అవసరం మాత్రం ఏనాడూ తప్పలేదు.

మెరుగంటే ఏమిటి?

గరుకు తలం మీద పడిన కాంతి నలుదిక్కులకు చెదరిపోతుంది. నునుపైన తలం మీద పడిన కాంతి ఒకే దిక్కుకు పరావర్తనం చెందుతుంది. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు అర మైక్రాను, అనగా మిల్లీమీటరులో రెండువేలవ వంతు. తలం మీది ఎగుడుదిగుళ్ళు అంతకంటె బాగా చిన్నవైనప్పుడు అది అద్దంవలె ప్రవర్తిస్తుంది.

దీనికి సంబంధించిన ఒక ప్రయోగానికి ఖర్చేమీ లేదు. చాలకాలం వాడిన స్టీలు పళ్ళేన్ని ఎండలోకి తెచ్చి, సూర్యుని ప్రతిబింబాన్ని నేరుగా చూడకుండా దాని చుట్టుపక్కల మాత్రం గమనించవలె. సన్నని గీతలన్నీ ప్రతిబింబం చుట్టూ వలయాలుగా, సాలెగూడు ఆకారంలో కనబడుతవి. పళ్ళేన్ని కదిపితే సాలెగూడు కూడ జరుగుతుంది! గీతలు నిజంగా వలయాలుగా లేవు. అన్ని దిక్కులకూ చెల్లాచెదరుగా ఉన్నవి. ఐతే, ప్రతి చోటా కాంతి వచ్చే దారికి అడ్డంగా ఉన్న గీతలు మాత్రమే మన కంటికి వెలుగును పంపగలవు. నల్లకారు మీద ఎండలో కనబడే సాలెగూళ్ళు కూడ ఇవే. ఆ గీతల లోతు ఒకటి రెండు మైక్రానులు ఉంటే చాలు, కారు పాతబడినట్లు కనబడుతుంది.

రాయి మీద రాయి

దక్కను పీఠభూమిలో ఈ విద్య నిన్నటిది కాదు. అనంతపురం జిల్లా సరిహద్దుకు ఆవల, బళ్ళారి దగ్గర సంగనకల్లు అనే ఊరున్నది. క్రీ.పూ. రెండవ సహస్రాబ్దిలో అక్కడి గుట్టల మీద నవీన శిలాయుగపు మనుషులు డోలరైటు రాతితో గొడ్డళ్ళు తయారుచేశారు. డోలరైటు ముక్కను మొదట పెచ్చులు లేపి ఆకారం తెచ్చి, ఆపైన గ్రానైటు బండ మీద రుద్ది నున్నన చేసేవారు. రుద్దగా రుద్దగా బండలలో ఏర్పడిన గాళ్ళు నేటికీ కనబడుతవి. కొత్త బండ కంటె ఒకసారి గాడి పడిన బండే పనికి అనుకూలం. గొడ్డలి అంచు దానిలో కుదురుకొంటుంది, నీరూ ఇసుకపొడీ పక్కకు జారిపోక అందులోనే నిలుస్తవి. పీఠం సిద్ధం కావడమంటే ఇదే.

ఆ తరువాత రెండున్నర వేల ఏళ్ళకు కాకతీయుల శిల్పులు అదే జాతి నల్లరాతిని తీసికొని దేవాలయ స్తంభాలుగా మలచారు. రుద్రదేవుడు 1163లో హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడిలోను, రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిలోను నల్లని స్తంభాల మెరుగు ఎనిమిది శతాబ్దుల తరువాత కూడ చూపరులను నిలబెడుతున్నది. రామప్ప గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చూడవచ్చినవారు శిల్పాల అందాన్ని మెచ్చుకొంటారు. అంత గట్టి రాతిని అంత నునుపు చేయడానికి పట్టిన ఓపికను మెచ్చుకొనేవారు తక్కువ.

రాతిపీఠాన్ని సిద్ధం చేసే పని మన ఇండ్లలో ఇటీవలి దాక ఉన్నదే. విసుర్రాయి, రుబ్బురోలు కొన్నాళ్ళు వాడగానే నునుపెక్కుతవి. గింజ నలగదు, జారిపోతుంది. అప్పుడు రోళ్ళకు గంట్లు కొట్టేవాళ్ళు వీధిలోకి వస్తే పిలిచి ఉలితో గంట్లు కొట్టించేవారు. మెరుగుపెట్టే పీఠానికీ ఇదే జబ్బు వస్తుంది. అరిగిన పొడి, ఊడివచ్చిన పదార్థం కలిసి దాని ముఖాన్ని మూసివేస్తవి. ఈ పోలికను పాఠకులు గుర్తుంచుకొంటే ముందు చెప్పబోయే విషయం సులువుగా బోధపడుతుంది.

న్యూటన్ చెవి

న్యూటన్ 1668లో అద్దంతో పనిచేసే మొదటి దూరదర్శినిని నిర్మించాడు. దాని అద్దం గాజుది కాదు. రాగి, తగరం ముఖ్యంగా కలిసిన మిశ్రలోహం. దానికి మెరుగుపెట్టిన విధానాన్ని 1704లో ప్రచురించిన ‘ఆప్టిక్స్’ గ్రంథంలో అతడు వివరించాడు. ఆ వివరం చదివితే గొప్ప సిద్ధాంతకర్త వెనుక ఒక నేర్పరియైన పనివాడు ఉన్నాడని తెలుస్తుంది.

అతడు ఆరేసి అంగుళాల వెడల్పుగల రాగి బిళ్ళలు రెండు తీసికొన్నాడు. ఒకటి ఉబ్బెత్తు, మరొకటి పుటాకారం. ఉబ్బెత్తు బిళ్ళను వేడిచేసి దాని మీద పిచ్ అనే, తారు వంటి గట్టి బంకను కరగించి పోశాడు. తడిపిన పుటాకార బిళ్ళతో దానిని అదిమి రుద్ది, నాణెమంత మందాన అంతటా సమంగా పరచుకొనేటట్లు చేశాడు. తగరపు భస్మాన్ని నీటిలో పలుమార్లు కడిగి, ముతకరేణువులు తీసివేసి, మిగిలిన సన్నని పొడిని బంక మీద కొంచెం వేశాడు. ఇప్పుడు అద్దాన్ని దాని మీద పెట్టినాడా? లేదు. మళ్ళీ ఆ పుటాకారపు రాగిబిళ్ళనే పెట్టి రుద్దాడు—పొడి చేసే కరకర చప్పుడు ఆగిపోయేవరకు. చప్పుడు ఆగిన తరువాతనే అసలు అద్దాన్ని పెట్టి రెండు మూడు నిమిషాలు గట్టిగా అదిమి రుద్దాడు. మళ్ళీ కొత్త పొడి, మళ్ళీ రాగిబిళ్ళ, మళ్ళీ అద్దం.

కారణం కూడ అతడే చెప్పాడు. బంకలో నాటుకోని రేణువు అద్దం కింద దొర్లుతుంది. దొర్లిన రేణువు లోహాన్ని గిల్లి చిన్న చిన్న గుంటలు చేస్తుంది. నాటుకొన్న రేణువు కదలదు. తల మాత్రమే పైకి పెట్టి ఉంటుంది. చప్పుడు ఆగడమంటే దొర్లే రేణువులు లేవన్నమాట. శామీర్‌పేట బాట పక్క షెడ్డులో పనివాడు మెత్తకు ముద్దను అదిమి, జానెడు మేర నెమ్మదిగా తిప్పి చూడడంలో చేసే పని సరిగా ఇదే. రాగిబిళ్ళ లేదు, అంతే భేదం.

న్యూటన్ తరువాత ఈ విద్యలో పేరుపొందినవాడు విలియం హెర్షెల్. తాను మెరుగుపెట్టిన అద్దంతోనే 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొన్నాడు. ఒకసారి 16 గంటలపాటు అద్దం మీదినుంచి చేయి తీయకుండా పనిచేస్తూ ఉంటే చెల్లెలు కరోలిన్ అతని నోటికి అన్నం అందించింది. మధ్యలో ఆపితే బంక చల్లారి ఆకారం మారుతుంది, పీఠం చెడుతుంది. అది మొండితనం కాదు, పదార్థం పెట్టిన నిర్బంధం.

ఆ బంకపీఠం మీద తయారైన గొప్ప కటకం ఒకటి హైదరాబాదుకూ వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాలకు డబ్లిన్ నగరపు గ్రబ్ కర్మాగారం నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించారు. వేధశాల తరువాత బేగంపేటకు మారింది. ఆ దూరదర్శినిలో నక్షత్రాన్ని చూచినవారు గాజును చూచారు కాని, ఆ గాజును అద్దంగా చేసిన బంక ఊసు ఎవరికి కావలె!

కర్పూరంతో ఒక పరీక్ష

మెరుగుపెట్టినప్పుడు తలానికి జరిగేది ఏమిటన్న ప్రశ్న మీద శాస్త్రజ్ఞులు చాలకాలం తగవులాడారు. ముతకగీతల స్థానంలో సన్నగీతలు, వాటి స్థానంలో ఇంకా సన్నగీతలు ఏర్పడడమే మెరుగని పాతవారి అభిప్రాయం. 1901లో లార్డ్ రాలీ గాజుకు మెరుగుపెడుతూ మధ్యమధ్య సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. గరుకు తలంలోని మిట్టల తలలు మొదటి నుంచే పూర్తిగా నున్నగా ఉన్నవి. పని సాగినకొద్దీ ఆ నున్నని చదునులే పెరిగి పెరిగి గుంటలను మింగివేసినవి. సన్నగీతల దశ అంటూ ఎక్కడా కనబడలేదు. గాజు ఇక్కడ దాదాపు అణువుల లెక్కన ఊడిపోతున్నదని అతడు భావించాడు. ఇంచుమించు ఆ రోజులలోనే జార్జి బీల్బీ, లోహపు పైపొర ద్రవంవలె పారి గుంటలను కప్పుతుందని వాదించాడు.

1937లో కేంబ్రిడ్జిలో బౌడెన్, హ్యూస్ అనేవారు ఒక చక్కని పరీక్ష చేశారు. రాపిడిలో వేడి పుడుతుంది కదా. ఐతే మెరుగుపెట్టే పొడికి ఉండవలసినది కాఠిన్యమా, అధిక ద్రవీభవన స్థానమా? పొడిగా వారు తీసికొన్నది కర్పూరం. అది గోటితో నలిగిపోయేంత మెత్తన. సుమారు 178 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. వుడ్ మిశ్రలోహం 70 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కర్పూరం ఆ లోహానికి మెరుగు తెచ్చింది! అంతకంటె ఎక్కువ వేడికి కరిగే లోహాలకు తేలేకపోయింది. రాపిడిలో స్పర్శబిందువుల దగ్గర పుట్టే వేడి ఎంతటి పని చేయగలదో ఈ పరీక్ష చూపించింది.

ఐనా తగవు అంతటితో తీరలేదు. లోహాల విషయంలో మెరుగు అంటే ముఖ్యంగా అతి సూక్ష్మమైన కోతేనని ఆస్ట్రేలియాకు చెందిన శామ్యూల్స్ 1950ల నుంచి చేసిన పరిశీలనలలో తేలింది. బీల్బీ చెప్పిన పారేపొర వాదం వెనుకబడింది. గాజు విషయంలో నీరు, సీరియం ఆక్సైడు వంటి పొడులు రసాయనికంగా కూడ పాల్గొంటవని తెలిసింది. ప్లాస్టిక్కు జాతికి చెందిన కారు రంగు విషయంలో కోత, వేడి రెండూ పనిచేస్తవి. కోత కావలసినది, వేడి హద్దు మీరరానిది. ఈ హద్దును కాపాడేది మెత్త.

వారాల పని గంటలలోకి

చౌమహల్లా ప్యాలెసులో పసుపురంగు రోల్స్ రాయిస్ కారు ఒకటి ప్రదర్శనలో ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోరగా లండనులోని బార్కర్ సంస్థ నిర్మించిన సింహాసన వాహనం అది; 1912 నాటిది. 1911లోనే కన్నుమూసిన ఆయన దానిలో ఎక్కనేలేదు. ఆ కాలంలో కారుకు రంగు వేయడమంటే గుర్రపుబగ్గీకి వేసినట్లే. నూనెరంగు పూత మీద పూత వేసి, ప్రతి పూత ఆరేదాక ఆగి, ప్యూమిస్ రాతితో నీళ్ళు పోస్తూ రుద్ది, చివర వార్నిషు పట్టించి, దళసరి ఉన్నిబట్టతో చేతితో మెరుగుపెట్టేవారు. వారాలు పట్టేది. ప్యూమిస్ అనేది అగ్నిపర్వతపు లావా నురుగు గట్టిపడినది; మెరుగుపెట్టే పనిలో నురుగు అడుగుపెట్టినది మొదట రాతి రూపంలో అని ఇక్కడ సరదాగా చెప్పుకోవచ్చు.

1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే నైట్రోసెల్యులోజు లాకరును తెచ్చింది. 1924 మోడలు ఓక్‌లాండ్ కార్లకు దానిని వేశారు. తుంపరగా చిమ్మితే గంటలలో ఆరిపోతుంది. వారాల పని గంటలలోకి వచ్చింది కాని ఒక చిక్కు మిగిలింది: ఆరిన తలం మెరిసేది కాదు, మసకగా ఉండేది. ముద్ద పెట్టి రుద్దితేగాని నిగ్గు తేలేది కాదు. చేతితో రుద్దుతూ కూర్చుంటే మిగిలిన కాలమంతా అక్కడే పోతుంది. అందుచేత విద్యుత్ యంత్రం, దానికి తొడిగే గొర్రె ఉన్ని మెత్త కర్మాగారాలలోకి ప్రవేశించినవి. ఉన్నిమెత్తకు కూడ సంరక్షణ ఉండేది. ముద్ద ఎండి పోగులు అట్టకట్టగానే పళ్ళచక్రం ఉన్న ఒక పనిముట్టును తిరుగుతున్న మెత్తకు ఆనించి పోగులను విడదీసేవారు. రోలుకు గంట్లు కొట్టినట్లే.

20వ శతాబ్ది చివరి పాదంలో కారు రంగు మరొకసారి మారింది. రంగు అడుగున ఉండి, దాని మీద రంగులేని పారదర్శకమైన పూత వచ్చింది. వర్క్‌షాపులలో దీనిని క్లియర్ కోటు అంటారు. నిగ్గంతా దానిదే, ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకొనే బాధ్యతా దానిదే. ఉన్నిపోగులు ఈ పూత మీద వలయాలుగా సన్నని చారలు మిగిల్చినవి. నల్లరంగు మీద అవి ఎండలో స్పష్టంగా కనబడేవి. అంతకంటె మెత్తగా, అంతటా సమంగా ఒత్తిడి పెట్టే పీఠం కావలసివచ్చింది. అది రసాయనశాలలో అప్పటికే ఉన్నది.

జర్మనీలో లెవర్‌కూసెన్‌లోని ఐ.జి. ఫార్బెన్ సంస్థలో ఆటో బేయర్, అతని సహచరులు 1937లో పాలీయురిథేనును కనుగొన్నారు. ఐసోసయనేటు అనే పదార్థం ఆల్కహాలు జాతి పదార్థాలతో కలిసి పొడుగాటి అణుశృంఖలాలు ఏర్పరుస్తుంది. అందులో తడి చేరితే ఐసోసయనేటు నీటితో చర్యనొంది కార్బన్ డయాక్సైడు వెలువడి, ముద్దలో బుడగలు పుడతవి. తొలిరోజులలో ఈ బుడగలు లోపంగానే లెక్క. చిల్లులున్న జున్నుగడ్డ నమూనాలు చేసుకోవడానికి తప్ప ఇది దేనికీ పనికిరాదని ఎవరో పరిహసించారని చెప్పుకొంటారు. 1950లలో ఆ లోపమే పరుపులు, కుర్చీమెత్తల పరిశ్రమకు ఆధారమైంది. ఆ తరువాతనే కార్ల మెరుగుకు వచ్చింది.

రెండు నిమిషాల పని, రెండువందల వాట్లు

మెత్తను సిద్ధం చేయకపోతే ఏమవుతుందో లెక్కవేసి చూద్దాం. ఇది పదవ తరగతి విద్యార్థి చేయదగిన లెక్కే. మెత్త వ్యాసం 150 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 1500 చుట్లు అనుకొందాం. సెకనుకు 25 చుట్లు. అంచు వేగం 3.14 × 0.15 × 25, అనగా సెకనుకు సుమారు 11.8 మీటర్లు, గంటకు 42 కిలోమీటర్లు. ఊరిబస్సు పోయే వేగంతో నురుగు రంగును ఒరుసుకొంటూ పోతున్నదన్నమాట! పనివాడు 5 కిలోగ్రాముల బరువు మోపినాడనీ, రాపిడి గుణకం 0.5 అనీ తీసికొంటే, సగటు వేగం అంచు వేగంలో మూడింట రెండు వంతులు గనుక, పుట్టే వేడి ఇంచుమించు 200 వాట్లు. ఈ వేడి ఎటు పోవలె? నురుగు ఉష్ణవాహకత ఉక్కుదానిలో వెయ్యవ వంతు కూడ లేదు. కాబట్టి వేడిలో అధికభాగం రంగులోకి, దాని కింది రేకులోకి దిగవలసిందే. రేకు వేడిని పక్కలకు పంచుతుంది. కాని ఒకచోట నిలిపి ఉంచితే, ముఖ్యంగా అంచుల మీద, ప్లాస్టిక్కు బంపరు మీద, పంచుకొనే దారి ఉండదు.

పొడిమెత్తలో రాపిడి గుణకం ఇంకా పెరుగుతుంది. ముద్ద తగిలిన చోట కోత జరుగుతుంది, తగలని చోట వట్టి నురుగు రంగును ఈడుస్తుంది. మెత్త ఎగిరెగిరి పడుతుంది. పని ప్రారంభించిన మొదటి నిమిషంలోనే ఈ దెబ్బ తగులుతుంది. తక్కిన తలమంతా తరువాత ఎంత చక్కగా వచ్చినా ఆ మొదటి మచ్చ అక్కడే ఉంటుంది. మెత్త ముఖమంతా ముందే ముద్ద పట్టించి ఉంటే ప్రతి రంధ్రపు అంచు మీదా రేణువులుంటవి, ముద్దలోని నూనె, నీరు రాపిడిని తగ్గిస్తవి, కోత అంతటా సమంగా ఉంటుంది. న్యూటన్ విన్న చప్పుడు ఇక్కడ చేతికి వణుకుగా తెలుస్తుంది. వణుకు ఆగిందంటే మెత్త కుదిరిందని అర్థం.

ముద్ద ఎక్కువైనా కష్టమే. నురుగు లోతుల దాక తడిసి బరువెక్కుతుంది. రేణువులు తలం దగ్గర ఉండక లోపలికి పోతవి. రంగుకూ నురుగుకూ నడుమ ముద్ద పొరగా నిలిచి మెత్త జారిపోతుంది. మొదటిసారి ముఖమంతా పలుచగా పట్టించిన తరువాత ఇక శనగగింజంత ముద్దలు మూడు నాలుగు పెడితే చాలునని అనుభవజ్ఞులు చెప్తారు. ముఖమంతా పులమనవసరం లేదు, చుక్కలే చాలుననేవారూ ఉన్నారు. ఉక్కు రేకు మీద, నీడలో, నెమ్మదిగా పనిచేసేవారికి ఆ పద్ధతి సాగవచ్చు. మే నెలలో మేడ్చల్ ఎండకు నల్లకారు రేకు 60 డిగ్రీలు దాటి ఉన్నప్పుడు సాగదు. అసలు అప్పుడు పని ముట్టుకోకపోవడమే మంచిది.

ఒక తలుపు పని ముగియగానే మెత్త ముఖం మీద ఎండిన ముద్ద, ఊడివచ్చిన రంగు చేరి ఉంటవి. నైలాను కుంచెతో గాని, గాలిగొట్టంతో గాని వాటిని వదలగొట్టి తరువాతి తలుపు ఎత్తుకోవలె. ఈ దుమ్ము ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకొనేవారు కొందరే. అందరూ తగిన ముసుగు ధరించడం అవసరం. మెత్త వేడెక్కితే మార్చవలె. కారు మొత్తానికి ఒకే మెత్తతో సరిపెట్టడం పొదుపు అనిపించుకోదు. మెత్త వెనుక ఉండే కొక్కేల పట్టీ వేడికి జిగురు వదిలి ఊడిపోవడం కూడ ఇందువల్లనే. ఆ కొక్కేల పట్టీకి స్విట్జర్లాండు ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రాల్ 1955లో పేటెంటు పొందాడు; మన మరులమాతంగి కాయవలె బట్టకు అంటుకొనే కాయను చూచి అతనికి ఆ ఊహ తట్టింది.

అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త ఒకటి: మెత్త నేల మీద పడితే తిరిగి వాడరాదు. ఈ ప్రాంతపు నేల దుమ్ములో ఏమున్నదో మొదటే చెప్పుకొన్నాం. నురుగులో చిక్కుకొన్న ఒక్క క్వార్ట్జు రేణువు నిమిషానికి 1500 గీతలు గీస్తుంది. మెత్తను గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, పిండి, దుమ్ము తగలనిచోట ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో దాచవలె.

ఈ పనినే మరొకచోట ఎంతో ఖరీదైన రూపంలో చేస్తున్నారు. కంప్యూటరు చిప్పులు తయారయ్యే సిలికాను బిళ్ళలను పొరపొరకు చదును చేయడానికి 1980లలో ఐ.బి.ఎం. సంస్థ రసాయనిక-యాంత్రిక మెరుగు పద్ధతిని రూపొందించింది. అక్కడి పీఠం కూడ సూక్ష్మరంధ్రాలుగల పాలీయురిథేనే. కొత్త మెత్తను యంత్రానికి ఎక్కించిన వెంటనే సిలికాను బిళ్ళను దానికి తాకించరు. వజ్రపురేణువులు పొదిగిన చక్రంతో మెత్త ముఖాన్ని ముందు గీకి, తడిపి, కుదుర్చుతారు. పని జరుగుతున్నంతసేపు గీకుతూనే ఉంటారు. మానివేస్తే రంధ్రాలు పూడి కోత వేగం పడిపోతుంది. ఉలికి బదులు వజ్రం. రోలుకు బదులు పాలీయురిథేను.

పోయినది తిరిగిరాదు

కారు మీది పారదర్శకపు పూత మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రానులు. తలవెంట్రుక చాలమందిలో అంతకంటె లావుగా ఉంటుంది. మెరుగుపెట్టిన ప్రతిసారి ఒక మైక్రాను మొదలు కొన్ని మైక్రానుల వరకు పోతుంది. గీత పూడదు, దాని చుట్టూ ఉన్న మిట్ట తగ్గి గీత అడుగుతో సమమవుతుంది, అంతే. పూత మరీ పలుచనైతే ఎండకు తాళలేక కొన్నేళ్ళలో తెల్లబారి పొరలుగా లేస్తుంది. అప్పుడు మెరుగు పనికిరాదు. మళ్ళీ రంగు వేయించవలసిందే. సిద్ధం కాని మెత్తతో ఒక అంచు కాలిపోయినప్పుడు ఆ ఖర్చు యజమానిదా, పనివాడిదా అన్న పేచీ వస్తుంది. చాలసార్లు అది పనివాని కూలిలోనే కోతపడుతుంది.

కనుక పని ముట్టుకొనే ముందు జాగ్రత్తపరులు పూత మందం కొలుస్తారు. ఉక్కు రేకు మీద ఐతే అయస్కాంత ప్రభావం ఆధారంగాను, అల్యూమినియం మీద ఐతే ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ వల్ల పుట్టే సుడి ప్రవాహాల ఆధారంగాను ఈ కొలత పరికరం పనిచేస్తుంది. సాధారణంగా అది మొత్తం పూతల మందాన్ని మాత్రమే చెప్పగలదు. అందులో పారదర్శకపు పూత ఎంతో విడదీసి చెప్పలేదు. ప్లాస్టిక్కు బంపరు మీద అసలు పనిచేయదు. అందుచేత ఒక్కొక్క తలుపుకు నాలుగైదుచోట్ల కొలిచి, అంకెలను పుస్తకంలో వేసుకొని, మెరుగు ముగిసిన తరువాత అవేచోట్ల మళ్ళీ కొలుస్తారు. రెండు అంకెల తేడాయే ఆనాడు మెత్త కారు నుంచి తీసికొన్నది.